పైన పెట్టే బెల్టు

కొత్త మేనేజరు నోటి వెంట "నాకు తెలియదు" అన్న మాట వచ్చిన రోజున కుట్టు హాలు హాలంతా కొయ్యబారిపోయింది.

ఆయన అడుగుపెట్టిన మొదటి రోజు అది. అందర్నీ మిషన్ల మధ్య నిలబెట్టి, ఏమైనా అడగాలనుంటే మొహమాటపడకుండా అడగమన్నాడు. పెద్ద కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఆ మాట అనడం మామూలే, ఎవరూ ఏమీ అడగకపోవడమూ మామూలే. కానీ కళ్ళజోడు పెట్టుకునే కొత్తమ్మాయికి ఆ మర్యాద ఇంకా ఒంటబట్టలేదు. "సార్, వచ్చే నెల ఓవర్‌టైం ఉంటుందా?" అని అడిగేసింది. ఆయన పైకప్పు కేసి చూసి, బుర్ర గోక్కుని, "నాకు తెలియదమ్మా. తెలిశాక చెబుతాను" అన్నాడు.

అంతే. ఎవరి చేతిలోదో కత్తెర జారి నేల మీద పడింది. అసలే ఆ ఊళ్ళో తెలియదనడం చేతకానితనం కింద లెక్క. దారి అడిగితే, తెలియని మనిషి కూడా చెయ్యెత్తి ఏదో ఒక పక్కకు చూపిస్తాడు గానీ తెలియదని నిన్ను నడిరోడ్డు మీద వదిలెయ్యడు. నువ్వు తప్పు దారిన పోతే పోయావు, అతని మర్యాద మాత్రం నిలబడింది. డాక్టరు తెలియదంటే జబ్బును అనుమానించరు, డాక్టర్ని మారుస్తారు. అలాంటిచోట మేనేజరే లేచి నిలబడి తెలియదంటే ఏమనుకోవాలి? "తెలీనోడికి అంత జీతమెందుకో" అని మూల మిషను మీది పిన్ని గొణిగింది. వయసులో అందరికంటే పెద్దది కాబట్టి ఆమె ఆఫీసువాళ్ళకు కూడా పిన్నే.

అందరికంటే ఎక్కువ దిమ్మెరపోయింది మాత్రం లైను సూపర్‌వైజరు పక్కా అక్క. ఈ కథ ఆమెది.

అక్కడ కుట్టేవి సేఫ్టీ బెల్టులు. మేడల మీద రంగులు వేసేవాళ్ళు, పై అంతస్తుల అద్దాలు తుడిచేవాళ్ళు నడుముకూ భుజాలకూ తగిలించుకుని, తాడుకు కొక్కెం వేసుకునే రకం. కాలు జారితే మనిషిని గాల్లో పట్టుకుని ఆపేది ఆ పట్టీలూ, వాటి మీది కుట్లూ. అందుకని సాయంత్రం ఒక్కొక్కరే తమ బెల్టుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టగానే అక్క ఒకే ఒక ప్రశ్న వేసేది. "పక్కానా?" దానికి ఒకే ఒక జవాబు. "పక్కా అక్కా." తర్వాత ఆమె కట్ట మీంచి పై బెల్టు తీసి లాగుడు మిషనుకు తగిలించేది. అది బెల్టును రెండు పక్కలా పట్టుకుని లాగుతుంది. దాని మీటరు ముల్లు ఎర్ర గీత దాటినా కుట్టు నిలబడితే కట్టంతా పాసైనట్టు.

"బాగానే వచ్చిందనుకుంటున్నానక్కా" అన్నవాళ్ళు కట్టతో సహా వెనక్కి నడవాల్సిందే. ఒకసారి ఒకామె "ఏమో" అంటే, అక్క ఆమెను ఆ పూటకు ఇంటికే పంపించేసింది. "ఏమోలు కుట్టేచోట మనుషులు పడి చస్తారు" అని ఆమె సిద్ధాంతం. వినడానికి ఎంత బాగుందో చూడండి. అబద్ధం కూడా కాదు.

ఏమో అన్న మాట మీద ఆమెకు చిన్నప్పటి పగ ఉంది. తండ్రి లారీ తోలేవాడు. నాన్న ఎప్పుడొస్తాడమ్మా అంటే, ఏమో. ఇల్లు ఖాళీ చెయ్యాలా అంటే, ఏమో. పొద్దున అన్నం ఉంటుందా అంటే దానికీ అదే. ఒక ప్రయాణంలో తండ్రి వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉండిపోయాడు. బతికున్నాడా అని ఊరంతా అడిగితే తల్లి ఏమో అనే చెప్పి చెప్పి, చివరికి ఆమె కూడా కన్నుమూసింది. మిగిలింది ఈ పిల్లా, దాని చెయ్యి పట్టుకుని ఒక తమ్ముడూ. "మనిద్దర్నీ వేరే వేరే ఇళ్ళకు పంపించేస్తారా అక్కా?" అని వాడు వెక్కి వెక్కి ఏడిస్తే, "పంపరు. పక్కా" అంది. ఏ ధైర్యంతో అందో ఆమెకే తెలియదు. వాడు మాత్రం ఏడుపు మానేసి ఆమె ఒళ్ళోనే నిద్రపోయాడు. మాటకు అంత బలముంటుందని ఆమెకు తెలిసివచ్చింది ఆ రోజే.

ఆ తర్వాత ఆమె నోట మరో మాట రాలేదు. వచ్చిన ఒక్క మంచి సంబంధాన్ని కూడా వద్దనేసింది, ఎందుకంటే ఆ అబ్బాయి "ఆలోచించుకుని చెబుతాను" అన్నాడట. "పెళ్ళికే అంత ఆలోచించేవాడు కాపురానికి ఎప్పుడు వస్తాడు?" అంది. తమ్ముడికి మాత్రం దగ్గరుండి పెళ్ళి చేసింది. వాడు మేడలకు రంగులు వేసే పనిలో కుదురుకున్నాడు. వాడూ, మరదలూ, ఆమె ఒకే ఇంట్లో ఉండేవారు, రెండు గదులూ ఒక వరండా.

లైన్లో ఆడవాళ్ళు ఆమెకు భయపడేవాళ్ళని మాత్రమే చెబితే నేను ఆమెకు అన్యాయం చేసినట్టే. ఆమె అంటే వాళ్ళకు ప్రాణం. సెలవు కావాలంటే "పో, నేను చూసుకుంటా, పక్కా" అనేది, ఆఫీసుతో గొడవపడైనా ఆ మాట నిలబెట్టేది. చెయ్యి కోసుకున్నా, మొగుడు తన్నినా ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. అన్నీ ఊగిసలాడే బతుకుల్లో కదలని గుంజ ఆమె ఒక్కతే. గుంజను పట్టుకున్న మనిషి, అది పుచ్చిపోయిందేమో అని గోకి చూసుకుంటాడా?

మేనేజరుకు వారం తిరక్కుండానే ఏమో సారు అని పేరు పెట్టేశారు. పెట్టరూ మరి? ఒకామె చెల్లెలి పెళ్ళికి సెలవడిగితే "చూద్దాం" అన్నాడు. మర్నాడూ చూద్దామన్నాడు. ఆయన చూసేసరికి రైలు వెళ్ళిపోయింది. ఆమె మిషను మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే అక్క తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇస్తానంటే ఇస్తానని చెప్పండి, లేదంటే లేదని చెప్పండి. మధ్యలో వేలాడదీస్తే మనిషి ఏమైపోవాలి?"

"తప్పేనక్కా. కానీ నాకు నిజంగా తెలీకుండా ఎలా చెప్పను?"

"తెలిసినట్టు చెప్పండి సార్. తర్వాత దాన్ని నిజం చెయ్యండి. మేమంతా అలాగే బతుకుతున్నాం."

 ఆమె చెప్పింది తప్పని అనడానికి నాకూ మనసు రాదు.

ఆ మీదట ఆయన ఒక బుట్ట తెచ్చి హాలు మధ్యలో పెట్టించాడు. పక్కనే నారింజ రంగు గుడ్డ పేలికలు. కుట్టిన బెల్టు మీద ఏ కాస్త అనుమానమున్నా దానికో పేలిక కట్టి బుట్టలో వెయ్యాలట. ఎవరు వేశారని ఎవరూ అడగరట. ఇదేదో ఆయన బుర్రలో పుట్టిన గొప్ప ఆలోచన కాదు, పై ఆఫీసువాళ్ళు అన్ని ఊళ్ళలోనూ పెట్టమంటే ఇక్కడా పెట్టాడు. మిగతా ఊళ్ళలో అది మొదటి రోజే సగం నిండిందని చెప్పాడు. ఇక్కడ ఒక్క బెల్టు పడితే ఒట్టు. రోజులు గడిచేకొద్దీ అందులో టీ కప్పులూ చిత్తు దారాలూ పడ్డాయి.

"చూశారా సార్, మా లైన్లో అనుమానమనే సరుకు తయారుకాదు" అంది అక్క నవ్వుతూ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాళ్ళను చూసి మనం నవ్వుకుంటాం. కానీ ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ముప్ఫై మంది రోజూ సాయంత్రం సాక్ష్యం చెబుతుంటే, పాపం ఆమె మాత్రం నాలుగోదాన్ని ఎక్కడ వెతుకుతుంది?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈయనకు ముందున్న మేనేజరు హయాంలో దారం మారింది. పాత దారం దొరకడం లేదని వేరే రకం తెప్పించారు. నున్నగా, నిగనిగలాడుతూ ఉండేది. ఎలా ఉందక్కా అని ఆయన అడిగితే, కుట్టించి, కట్ట మీది బెల్టును లాగుడు మిషనుకు తగిలించి, ముల్లు గీత దాటాక "పక్కా సార్" అని చెప్పింది. ఆ కొత్త దారం వచ్చిన రోజుల్లోనే తమ్ముడికి ఒక బెల్టు కొనిచ్చింది. పని చేసేవాళ్ళకు తక్కువ ధరకు ఇస్తారు. పై బెల్టు ఒకసారి మిషను లాగేసినది, అది తమ్ముడికెందుకని కట్ట మధ్యలోంచి ఏరి మరీ తీసుకుంది. "మా లైన్లో కుట్టిందిరా, కళ్ళు మూసుకుని ఎక్కు" అని తనే వాడి భుజాలకు తగిలించి బిగించింది. మరదలు కూడా సంబరపడింది.

కొన్నాళ్ళకు వాడు భుజం విరగ్గొట్టుకుని వచ్చాడు, స్కూటరు మీంచి పడ్డానన్నాడు. కట్టుతో మంచం మీదున్నవాణ్ణి పట్టుకుని అక్క చెడామడా తిట్టింది. మేడల మీద పడనివాడివి, రోడ్డు మీద పడతావుట్రా, కళ్ళు నెత్తికెక్కాయా అంది. స్కూటరు అమ్మిపారేస్తానంది. వాడు గోడ వైపుకు తిరిగి పడుకున్నాడు. మరదలు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. భుజం అతుక్కున్నాక వాడు మళ్ళీ పనిలోకి వెళ్ళాడు, స్కూటరు మీదే.

ఇక పన్ను సంగతి. అక్కకు వెనక పన్ను పుచ్చి చెంప బూరెలా వాచింది. ఏళ్ళ తరబడి సెలవన్నది ఎరగని మనిషి ఆ రోజు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టక తప్పలేదు. సాయంత్రం కట్టలు తీసుకునే పని మేనేజరే చూశాడు. మర్నాడు ఆమె చెంపకు రుమాలు అదుముకుంటూ హాల్లోకి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

బుట్ట నిండిపోయి ఉంది. నిండటం కాదు, పొంగి కింద కూడా పడి ఉన్నాయి బెల్టులు. ప్రతిదానికీ ఒక నారింజ పేలిక. పేలికలు అయిపోతే ఎవరో తమ చున్నీ అంచు చింపి మరీ కట్టారు. హాలంతా ఆ రంగే కనిపించింది ఆమె కళ్ళకు. తను లేని ఒక్క రోజు! నిజంగా ఒకే ఒక్క రోజు! 

"ఎవరు చేశారిది?" అంది. వాచిన నోటితో ఆ మాట సగమే బయటికొచ్చింది. మిషన్ల ముందున్న తలలన్నీ వంగిపోయాయి. 

మొదట ఆమెకు తోచింది ఇది తన మీద పన్నిన కుట్ర అనే. ఏమో సారు వీళ్ళకేదో ఎక్కించాడు. కోపంగా వెళ్ళి మేనేజర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది.

"అందరి ముందూ లాగి చూడండి సార్. మా పిల్లలు పిరికివాళ్ళు. మీరు అనుమానించమంటే అనుమానించారు. సరుకు మాత్రం పక్కా."

అలవాటు కొద్దీ బల్ల మీది ఒక కట్ట మీంచి పై బెల్టే తీసి తనే తగిలించింది. ముల్లు కదిలింది, పైకి పాకింది, ఎర్ర గీత దాటింది. కుట్టు చెక్కుచెదరలేదు. "చూశారా!" అని ఆమె ఇటు తిరిగి, అందరి మొహాలూ చూసింది. ఒక్క మొహంలోనూ సంతోషం లేదు. పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

మేనేజరు బుట్టలోంచి ఒకటి తీసి తగిలించాడు. ముల్లు సగం కూడా పోలేదు. టప్‌మని ఒక చప్పుడు. తర్వాత టపటపమంటూ కుట్లు వరసగా ఊడిపోయి, పట్టీ రెండుగా విడిపోయి మిషనుకు చెరో పక్కా వేలాడింది. ఎవరో చిన్నగా కేక వేశారు. ఆయన మొహం పాలిపోయింది. ఇంకోటి తగిలించాడు. అదీ అంతే. మూడోది కాస్త ఎక్కువసేపు నిలబడి, గీతకు కొంచెం ఇవతల విడిపోయింది. నాలుగోది తియ్యబోతే అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఇంక చూడటం ఆమె వల్ల కాలేదు.

"మరి రోజూ నేను లాగితే ఎందుకు తెగలేదు?" అంది. అడిగింది ఎవర్నో ఆమెకే తెలియదు.

జవాబు మూలలోంచి వచ్చింది. పిన్ని వంగి తన మిషను కింద నుంచి ఒక దారపు కండె తీసింది. మసకబారిన పాత దారం. దాదాపు అయిపోవచ్చింది.

"పాత కండెలు కొన్ని దాచానమ్మా, ఇది ఆఖరుది. పైన పెట్టే బెల్టులన్నీ ఈ దారంతో నేనే కుడతాను. ఒక్కో కట్ట మీద ఒక్కోటి. నువ్వెప్పుడూ పైదే తీస్తావుగా."

"ఎప్పట్నుంచి?"

"కొత్త దారం వచ్చినప్పట్నుంచి. ఆ దారం నిలవదు తల్లీ, జారిపోతుంది. నాలుగు కుట్లకొకటి తప్పుతుంది. చేత్తో లాగి ముడేసి పైకి బాగున్నట్టు చేస్తున్నాం."

"అందరికీ తెలుసా?"

 అక్క వరసలన్నీ కలయజూసింది. తను పని నేర్పినవాళ్ళు, తను పురుళ్ళకు ఆస్పత్రికి తీసుకెళ్ళినవాళ్ళు, మొన్న పన్ను నొప్పికి మందు తెచ్చిచ్చినవాళ్ళు. అందరికీ తెలుసు. కొత్త దారం వచ్చిన రోజుల్లో చేరిన కళ్ళజోడు అమ్మాయికి కూడా తెలుసు. దీపం కింద చీకటంటారే, అంత చీకట్లో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. వాళ్ళకు ఆమె మీద ద్వేషం లేదు. అదే ఇంకా భయంకరంగా తోచింది. ఆమెను సంతోషపెట్టడానికే రోజూ ఆ బెల్టు పైన పెట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది, తమ్ముడి బెల్టు కట్ట మధ్యలోంచి తీసింది.

 ఫోను చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. పైకెక్కేటప్పుడు ఫోన్లు కింద వదిలేసి ఎక్కుతారు. మళ్ళీ చేసింది, మళ్ళీ మోగింది. "సార్, మా తమ్ముడు... పైన ఉంటాడు" అంది. అంతకన్నా చెప్పలేకపోయింది. మేనేజరు ఏమీ అడక్కుండా కారు తాళాలు అందుకున్నాడు. దారి పొడుగునా ఆమె ఒక చేత్తో చెంపనూ, ఒక చేత్తో ఫోనునూ పట్టుకుని కూర్చుంది. "ఏం కాదు కదా సార్?" అని ఒకసారి అడిగింది. పక్కా అని ఒక్క మాట, అబద్ధమైనా సరే, ఆయన అంటే బాగుండుననిపించింది. ఆయన స్టీరింగు మీద చేతులు బిగించి, "త్వరగా వెళ్దామక్కా" అన్నాడు.

ఆ మేడ కొత్తది, ఇంకా కిటికీలకు అద్దాలు కూడా పెట్టలేదు. పైన ఎక్కడో తాళ్ళకు వేలాడే పలక మీద తమ్ముడు గోడకు రంగు కొడుతున్నాడు. చొక్కా చూసి గుర్తుపట్టింది. ఊపిరంతా కూడగట్టి కేక వేసింది. నోట్లో పన్ను పీకిన చోట రక్తం ఉప్పగా తగిలింది. వాడు కిందికి చూసి, కంగారుపడి, పలక దింపించుకుని వచ్చాడు. నేల మీద కాలు పెట్టకముందే అక్క వాణ్ణి పట్టుకుని బెల్టు తడిమింది.

అది తను ఇచ్చింది కాదు. ఎవరిదో పాతది, వెలిసిపోయినది, మరో కంపెనీది. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అర్థం కాక వాడి మొహంలోకి చూసింది.

"నేనిచ్చింది ఏదిరా?"

వాడు నేల చూపులు చూశాడు. "ఇంట్లో ఉందక్కా. మంచం కింద పెట్టెలో."

"ఎందుకు వేసుకోలేదు?"

 రంగు అంటిన చేత్తో విరిగిన భుజం రుద్దుకున్నాడు. "ఆ రోజు నేను పడింది స్కూటరు మీంచి కాదక్కా" అన్నాడు చివరికి. "పలక ఒరిగింది. బెల్టు పట్టుకుంటుందనుకున్నా. కుట్టు విడిపోయింది. కింద బాల్కనీ ఉంది కాబట్టి దాన్లో పడ్డాను. లేకపోతే..."

అక్క ఇసుక కుప్ప మీద కూలబడింది. స్కూటరని తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. గోడ వైపుకు తిరిగి పడుకున్న వాడి వీపు, వంటింట్లోకి పరిగెత్తిన మరదలు కళ్ళ ముందుకొచ్చాయి.

"నాతో చెప్పలేదేమిరా? నేను బాధపడతాననా?"

"కాదక్కా. నమ్మవని."

ఆ ఒక్క మాట. అంతటితో ఆపితే బాగుండేది గానీ, ఇన్నాళ్ళు దిగమింగినది కదా, వాడు ఆపలేకపోయాడు. "మా లైన్ బెల్టు తెగదు, నువ్వే కొక్కెం సరిగ్గా పెట్టుకుని ఉండవు, అంటావు. నువ్వంటే నేనూ అదే నిజమనుకుంటాను. ఇప్పటికీ నేనే తప్పు పెట్టుకున్నానేమో అని నాకు అనుమానంగానే ఉంది."

 వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు చెప్పి ఉంటే తను సరిగ్గా ఆ మాటే అనేది. అంతే గట్టిగా అనేది. వాడు నమ్మేవాడు. నమ్మి, కట్టు విప్పాక మళ్ళీ ఆ బెల్టే వేసుకుని ఎక్కేవాడు. అబద్ధమాడి వాడు తన ప్రాణం కాపాడుకున్నాడు, ఆమె నుంచి.

"అక్కా, పైన చూడండి" అన్నాడు మేనేజరు. అటువైపు గోడ మీద మరో పలక వేలాడుతోంది. దాని మీద ఇద్దరు. వాళ్ళ భుజాల మీద నీలం అంచు పట్టీలు. ఆ నీలం అంచు అక్క వాళ్ళ కంపెనీది తప్ప ఇంకెవరిదీ కాదు.

"వాళ్ళకైనా చెప్పలేదురా నువ్వు?" అంది ఆమె, గొంతు చీరుకుపోయేలా.

"మా అక్క చేసే బెల్టు మంచిది కాదని నా నోటితో ఎలా చెప్పనే?" అన్నాడు తమ్ముడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇద్దర్నీ దించారు. దిగేదాకా ఆమె కళ్ళు మూసుకోలేదు, రెప్ప వేస్తే పడిపోతారేమో అన్నంత భయం. దిగినవాళ్ళలో పెద్దాయన, ఈమె ఎవరో తెలిసి, బెల్టు విప్పుతూ మామూలుగా అడిగాడు. "ఏంటమ్మా, ఇవి మంచివే కదా?" ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆయన చేతిలోంచి బెల్టు లాక్కుని గుండెలకు అదుముకుని ఏడ్చింది. ఆయన భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

కారు తిరిగి వచ్చేసరికి మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. పనిచేసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, క్యారేజీలు విప్పనైనా విప్పలేదు. తమ్ముడు క్షేమమని మేనేజరు చెప్పగానే పిన్ని మొహం కొంగులో దాచుకుంది. తర్వాత ఆయన అందరి ముందూ, సూపర్‌వైజరు కాబట్టి అక్కనే అడిగాడు. పై ఆఫీసుకు ఫోను చేసి చెప్పాలి మరి.

"కొత్త దారంతో కుట్టినవి ఎన్ని బయటికి వెళ్ళాయి? ఎక్కడెక్కడికి వెళ్ళాయి? వాటిలో ఎన్ని నిలుస్తాయి?"

హాలంతా ఆమె వైపు చూసింది. అక్క ఏదో ఒక జవాబు చెబుతుంది. ఎప్పుడూ చెబుతుంది. ఆ జవాబు ఎంత తప్పైనా, అది వింటే వాళ్ళ గుండెలు కుదుటపడతాయి. ఇన్నేళ్ళూ ఆమె వాళ్ళకిచ్చింది అదే, వాళ్ళు ఆమెకు తిరిగిచ్చిందీ అదే. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎవరెవరి నడుములకో, ఏ ఏ మేడల మీదో, ఈ నిమిషాన, నీలం అంచు పట్టీలు.

"నాకు తెలియదు" అంది.

ఆ మాట ఆమె నోట అంతవరకూ ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. మేనేజరు తెలియదన్నందుకు ఏమో సారు అని పేరు పెట్టిన ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. ఒకామె భయంతో పక్కామె చెయ్యి పట్టుకుంది. అక్క మొహం కాగితంలా తెల్లబోయింది, పడిపోతుందేమో అనుకుని మేనేజరు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"నాకేం తెలీదు" అంది మళ్ళీ. "మీకు తెలిసింది చెప్పండమ్మా. నేనేమీ అనను."

 ఏమీ అననని ఆమె చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలో వాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? చివరికి కళ్ళజోడు అమ్మాయి లేచింది. మిషను చక్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"మీ తమ్ముడికని ఆ రోజు కట్ట మధ్యలోంచి తీశారు కదక్కా, ఆ బెల్టు కుట్టింది నేనే. కుట్టేటప్పుడే తెలుసు. మీరు పక్కానా అని అడిగారు."

అక్క తల ఊపింది. ఆ ప్రశ్నకు ఆ పిల్ల ఏమని ఉంటుందో అడగాల్సిన పనిలేదు.